రేగడి ఊరు దాటెళ్లి 'రేగుర్' అయి తిరిగొచ్చింది

మొన్న ఆదివారం మా అమ్మాయి సోషల్ పుస్తకం పట్టుకొచ్చి "నాన్నా, రీగర్ అంటే హిందీ మాటా?" అని అడిగింది. పదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. దక్కన్ పీఠభూమి నేలల పాఠం. చూస్తే 'రేగుర్'. నాకు నవ్వాగలేదు, ఎందుకంటే పక్క గదిలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మ, బడి మొహం చూడని మనిషి, పుట్టినప్పటి నుంచీ ఆ మాటే అంటోంది. రేగడి! మన రేగడినే తెల్లవాళ్లు నేలల శాస్త్రంలోకి రేగుర్ అని తీసుకెళ్లారు, అది దేశమంతా తిరిగి మా ఇంటికి హిందీ వేషంలో వచ్చింది. మనమేమో ఇంటి పునాది తవ్వేటప్పుడు 'బ్లాక్ కాటన్ సాయిల్' అంటాం. మా బావమరిది శంకర్‌పల్లి వైపు ప్లాటు కొన్నప్పుడు మట్టి పరీక్ష చేసినాయన "బీసీ సాయిల్ సార్, పునాదికి ఖర్చెక్కువ" అన్నాడు. రేగడి అని ఉంటే మా అమ్మే వద్దనేది, ఆ ఖర్చూ టెన్షనూ తప్పేవి.

నా ప్రశ్న ఇది. మీ వైపు రేగడి అంటారా, రేగడ అంటారా? మా చేవెళ్ల దగ్గర మనిషి రేగడి అంటాడు గానీ వెంటనే 'రేగటి చేను' అంటాడు. వాకిలి, వాకిటి లాగే రేగడి, రేగటి. ఇంత పద్ధతిగా విభక్తి రూపం మార్చుకుంటున్న మాట పరాయిది అనిపించదు కదా.

— మా పాలమూరుల రేగడి తక్కువ, చెలకనే ఎక్కువ. కానీ చెలక అంటే ఎర్రనేల అనే కాదు, "చెలకకు పోయిండు" అంటే చేనికి పోయిండనే. మరి చెలక నేల పేరా, పొలం పేరా?

రెండూనండి. అసలు మజా అక్కడే ఉంది. నల్లనేల రాజ్యంలో రేగడి మట్టి పేరుగానే మిగిలింది, చెలక మాత్రం మట్టి నుంచి పొలానికి పాకింది. మన చుట్టూ ఎక్కువ నేల అదే కదా. హైదరాబాద్ కూర్చున్నది గ్రానైటు మీద, ఆ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అది అరిగి, చితికి, గరుకు ఎర్రమట్టి అయితే చెలక, ఇంకా ఇసుక పాలు ఎక్కువైతే దుబ్బ. ఈ రెండు మాటలు కూడా నేలల రిపోర్టుల్లో చల్కా, డబ్బా అయి కూర్చున్నాయి (డబ్బా అని చదివి రేకుడబ్బా అనుకున్నవాళ్లు నాకు తెలుసు). పడమటికి వికారాబాద్ దారిన పోతూ ఉండండి, గుండ్లు మాయమై నేల నల్లబడుతుంది. అది లావారాయి ఊరు. 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పారిన లావా గడ్డకట్టి బసాల్టు అయింది. ఇప్పటికీ మహారాష్ట్ర నుంచి మన అంచు దాకా దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు ఉంది. దాన్ని డెక్కన్ ట్రాప్ అంటారు. ట్రాప్ అంటే వల కాదు, స్వీడిష్‌లో మెట్లు. ఆ గుట్టలు నిజంగానే మెట్లుమెట్లుగా ఉంటాయి.

ఈ రెండు నేలలూ పక్కపక్కనే చూడాలంటే పటాన్‌చెరు ఇక్రిశాట్ (మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) చాలు. 1972లో పెట్టినప్పుడు ఆ ఒక్క ప్రాంగణంలోనే నల్లదీ ఎర్రదీ రెండూ దొరికాయి. అక్కడి ఎర్రనేలకు పటాన్‌చెరు, నల్లనేలకు కాసిరెడ్డిపల్లి అని ఊళ్ల పేర్లే పెట్టారు. శాస్త్రవేత్తల వ్యాసాల్లో ఇప్పటికీ అవే పేర్లు.

— రేగడి నల్లగా ఉంటుంది కాబట్టి ఎరువు బాగా ఉన్న మట్టి అంటారు, నిజమేనా?

కాదు, చాలామంది పడే పొరపాటు. సేంద్రియ పదార్థం అందులో తక్కువే. దాని బలమంతా బంకలో ఉంది. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. ఎండాకాలం నెర్రెలో నా చెయ్యి మోచేతి దాకా దిగేది, చిన్నప్పుడు గోలీలు అందులోనే పోయాయి. పైమట్టి ఆ నెర్రెల్లో పడి తనను తాను దున్నుకుంటుందని అంటారు. వానలో మాత్రం కాలు పెట్టలేం, చెప్పుకు అరకిలో మట్టి. అందుకే పెద్దవాళ్లు వానాకాలం రేగటి చేను బీడు ఉంచి, యాసంగికి తేమ మీదే తెల్లజొన్న, శనగ వేసేవాళ్లు. తలంటుకోవడానికి అదే మట్టి. మా అమ్మ ఇప్పటికీ షాంపూ చూసి పెదవి విరుస్తుంది.

ఇంకోటి. మన చెరువులన్నీ ఎక్కువగా చెలక వైపే ఎందుకున్నాయంటే, కింద గట్టి రాయి, పైన పలచని మట్టి, నీళ్లు నిలవవు, కట్ట కట్టి ఆపాల్సిందే. రేగడి తానే చెరువు, నీళ్లు కడుపులో దాచుకుంటుంది.

— మా కృష్ణా డెల్టాలో లావా లేదు కదా, నల్లరేగడి ఎక్కడిది?

నదులు మోసుకొచ్చాయండి. కృష్ణ మహాబలేశ్వరంలో, గోదావరి త్ర్యంబకం దగ్గర పుడతాయి, రెండూ బసాల్టు దేశాలే. పీఠభూమి పడమట ఎత్తు, తూర్పుకు వాలు, కాబట్టి ఆ నల్లమట్టి అంతా మీ దగ్గరికే జారింది. గోదావరి ఒక్కటే 1465 కిలోమీటర్లు మోసింది. మీ మాట మాత్రం అటు నుంచి వచ్చిందా, ఇటే ఉందా తెలియాలి. మీ అమ్మమ్మలు 'రేగటి' అంటారా, లేక ఎప్పుడూ 'నల్లరేగడి' జంటగానేనా? చేవెళ్ల మండలంలో రేగడిఘనపూర్ ఉంది, మీ వైపు రేగడి ఉన్న ఊరి పేరు ఏదైనా ఉంటే అదీ రాయండి.