ఎడమచేతి వాటం వారికి మన దేశపు .22 రైఫిల్ దొరుకుతుందా?

ప్రశ్న (కావలి)
మా అమ్మాయికి పదిహేడేళ్లు. అన్నం మాత్రం కుడిచేత్తో తినడం నేర్పాం గానీ, రాత దగ్గర నుంచి బంతి విసరడం దాకా అంతా ఎడమచేయే. ఏడాదిగా ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది. ఇప్పుడు .22 (గొట్టం వ్యాసం 0.22 అంగుళం ఉండే చిన్న తూటా రైఫిల్) మీద మనసు పడింది. రేంజిలో (కాల్పుల సాధన చేసే చోట) ఇచ్చిన రైఫిల్‌కు బోల్ట్, అంటే తూటా పెట్టడానికి వెనక్కి లాగే పిడి, కుడివైపు ఉంది. ప్రతి తూటాకూ ఎడమచేతిని తుపాకీ మీదుగా అవతలికి దాటించాలి. అంతసేపూ కుదుర్చుకున్న భంగిమ చెదిరిపోతోంది. ఎడమవైపు బోల్ట్ ఉన్నది మన దగ్గర దొరుకుతుందా? లేక కుడిచేతికి అలవాటు చేయమంటారా?

జవాబు (ఒంగోలు)
అన్నం విషయంలో మార్పించినట్టు గురి విషయంలో తొందరపడి మార్పించకండి. ముందు కన్ను చూడండి. రెండు చేతులూ చాపి, అరచేతుల మధ్య చిన్న సందు ఉంచి, అందులోంచి గోడ గడియారాన్ని రెండు కళ్లతో చూడమనండి. తర్వాత ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే నిలుస్తుందో అదే ఆమె గురి కన్ను. అది ఎడమదైతే ఎడమ భుజాన్నే ఉంచండి. కుడిదైతే, శిక్షకుడి ఎదుట కొన్నాళ్లు కుడివైపు ప్రయత్నించి చూడవచ్చు.

ఇక తుపాకీ సంగతి. పశ్చిమ బెంగాల్‌లోని ప్రభుత్వ ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీవి మన రేంజిల్లో కనిపించే .22, అంతకంటే పెద్ద తూటా .315 రెండూ కుడి బోల్ట్‌వే. జర్మనీలో అన్‌షుట్జ్, వాల్థర్ కంపెనీలు ఎడమచేతి వారికి విడిగా .22 మోడళ్లు చేస్తాయి. కానీ 21 ఏళ్లు నిండకుండా మామూలుగా సొంత లైసెన్సు రాదు కనుక ఇప్పుడే కొనడం కష్టం. అలాంటి రైఫిల్ ఏ క్లబ్బులో ఉందో కనుక్కుని అక్కడ చేర్చడమే మేలైన దారి. ఫీజు కట్టకముందే అడగండి.

ఉదయగిరి సభ్యుడు
నా కోరిక వేరు. తాతగారి .315 మా ఇంట్లో ఉంది. చాలా బరువు. పందులు వేరుశనగ చేను తవ్వేస్తున్నాయి. తేలికైన .308 మన ఫ్యాక్టరీ ఎందుకు చేయదు?

జవాబు (ఒంగోలు)
.308, సైన్యం వాడే 7.62 ఇంచుమించు ఒకే తూటా అండి. అందుకే అది పౌరులకు నిషిద్ధం. .315 పుట్టుక కూడా ఇలాంటిదే. బ్రిటిష్ సైన్యపు .303ను పౌరుల చేతికి ఇవ్వకూడదనుకున్నారు కనుక, ఆస్ట్రియా-హంగరీ సైన్యపు పాత 8 మిల్లీమీటర్ల తూటాను ఇక్కడ అలవాటు చేశారు. లైసెన్సు మీద కొనగలిగిన పెద్ద రైఫిల్ కావాలంటే .30-06 ఉంది. అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. తుపాకీ లైసెన్సు వేట అనుమతి కాదు. 1972 వన్యప్రాణి చట్టం అడవి పందికీ వర్తిస్తుంది. అటవీ అధికారుల రాతపూర్వక అనుమతి లేకుండా కాల్చకండి.

నన్నడిగితే మనం పెద్ద తూటాల కోసం కాదు, మంచి .22 కోసం పట్టుబట్టాలి. 50 మీటర్ల పోటీలో పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లే. అరవై తూటాలు, ఒక్కొక్కటే చేత్తో పెట్టాలి. అరవైసార్లు భంగిమ చెదిరే పిల్ల, చెదరని పిల్లతో ఎలా పోటీ పడుతుంది? 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ స్వప్నిల్ కుసాలే ఈ 50 మీటర్ల పోటీలోనే కాంస్యం తెచ్చాడు. ఆ ఆటకు తగిన తుపాకీ మన ఫ్యాక్టరీలోనే తయారు కావాలని అడగడం అత్యాశ కాదు.

ప్రశ్న అడిగినవారు (కావలి)
గడియారంతో చూశాం. ఎడమ కన్నే. కుడిచేతి ఆలోచన మానేశాం. ఫ్యాక్టరీకి రాయాలంటే ఎవరికి రాయాలి?

జవాబు (ఒంగోలు)
2021 అక్టోబరు నుంచి ఈషాపూర్, కాన్పూర్‌లోని అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా అనే ప్రభుత్వ కంపెనీ కింద ఉంది. అక్కడికే రాద్దాం. మూడే అడుగుతాను: ఎడమ బోల్ట్, బరువైన బ్యారెల్ (గొట్టం), చెంప ఆనించే పలక ఎత్తు మార్చుకునే వీలు. మీ రేంజిలో ఎడమచేతి వారు ఎంతమంది ఉన్నారో లెక్క పంపండి. ఒంగోలులో నేను అడిగి రాసుకుంటాను. రెండు జిల్లాల లెక్కా ఉత్తరంలో కలుపుదాం.