సాఫ్ట్‌బాల్: పాప బ్యాట్ చుట్టు తిరిగి ఆలస్యంగా వస్తోంది, ఎలా సరిచేయాలి?

జడ్చర్ల నాన్న:
మా పాపకు పన్నెండేళ్లు, అండర్-14 స్కూల్ గేమ్స్ సెలక్షన్లకు తయారవుతోంది. ఇన్నాళ్లూ వాళ్ల అన్నతో గల్లీ క్రికెట్ ఆడింది, చేతిలో బలం ఉంది. కానీ బాల్ రాగానే చేతులు ఒంటికి దూరంగా పోయి బ్యాట్ పెద్ద చుట్టు తిరుగుతుంది, అప్పటికే బాల్ వెనక కూర్చునే క్యాచర్ గ్లవ్‌లో ఉంటుంది. ముందు కాలు కూడా బాల్ దారికి దూరంగా, థర్డ్ బేస్ వైపు జరుగుతుంది. రోజూ చీకటి పడేదాకా కొట్టిస్తున్నా, తప్పు అట్లనే ఉంది.

నల్లగొండ పీఈటీ:
అన్నా, ఎక్కువ కొట్టిస్తే తప్పే గట్టిపడుతుంది. ముందు బ్యాట్ బరువు చూడండి. ఒంటిచేత్తో భుజం ఎత్తులో పక్కకు చాచి పట్టుకోమనండి, పది లెక్కపెట్టేలోపు చెయ్యి వణికితే ఆ బ్యాట్ ఆమెది కాదు. చాలా స్కూళ్లలో పెద్దపిల్లల బ్యాట్లే చిన్నవాళ్ల చేతిలో పెడతారు, నాకు అది అస్సలు నచ్చదు.

తర్వాత గోడ ముందు నిలబెట్టండి. బ్యాట్ పిడి బొడ్డుకు, కొస గోడకు తగిలేంత దూరం చాలు. అక్కడి నుంచి మెల్లగా తిప్పాలి, కొస గోడకు తగిలిందంటే చేతులు బయటికి పోయినట్టే. ముందు నడుము తిరగాలి, చేతులు దాని వెనక రావాలి. క్రికెట్ పిచ్ 66 అడుగులు, పెద్దల మహిళల సాఫ్ట్‌బాల్‌లో పిచర్ (బాల్ వేసే ఆమె) 43 అడుగుల నుంచే వేస్తుంది, పెద్ద చుట్టుకు టైమ్ ఎక్కడిది?

అచ్చంపేట అక్క:
కాలు పక్కకు పోయేది చాలాసార్లు భయంతోనే తమ్ముడూ, తిట్టకు. దగ్గరి నుంచి టెన్నిస్ బాల్ మెల్లగా వెయ్యి. ముందు కాలి నుంచి పిచర్ వైపు సున్నంతో గీత గీసి అడుగు దాని మీదే పడాలని చెప్పు. బాల్ తగిలిందా లేదా అని మొదట్లో చూడకు, అడుగు చూడు.

జడ్చర్ల నాన్న:
థాంక్స్ అక్కా. సార్, ఇక్కడ ఒకాయన గొడ్డలితో నరికినట్టు పైనుంచి కిందికి కొట్టమంటున్నాడు, చెప్పాలా?

నల్లగొండ పీఈటీ:
వద్దన్నా. పిచర్ బాల్‌ను తొడ పక్కన వదులుతుంది, అది దాదాపు నేలకు సమాంతరంగానే వస్తుంది. కిందికి నరికితే బ్యాట్, బాల్ ఒక్క చోటే కలుస్తాయి, కాస్త ముందైనా వెనకైనా మిస్సే. బాల్ వచ్చే దారిలో బ్యాట్ కాసేపు ఉండాలి. నడుము ఎత్తు పీవీసీ పైపు నిలబెట్టి, దాని మీద బాల్ పెట్టి, ముందు పాదానికి ఎదురుగా ఉంచి కొట్టించండి. ఈ వారం చేతులు మాత్రమే, కాలి సంగతి వచ్చే వారం. రెండూ ఒకేసారి చెబితే పిల్ల బాల్‌ను చూడడమే మానేస్తుంది.