6 కన్ఫర్మేషన్లు పడితే ఒప్పందం కుదిరినట్టేనా?

గొలుసుకట్టు:
బిట్‌కాయిన్‌లో లావాదేవీకి 6 కన్ఫర్మేషన్లు పడితే, అంటే అది చేరిన బ్లాకుతో కలిపి గొలుసులో 6 బ్లాకులు పడితే, ఖాయమని అందరూ అనేస్తుంటారు. ఆ 6 ఎవరిని ఆపడానికి? దాడిచేసేవాడి దగ్గర 10 శాతం హాష్ పవర్ (బ్లాకులు తయారుచేసే కంప్యూటర్ శక్తి) ఉంటే, వాడు వేరే గొలుసు కట్టి గెలిచే అవకాశం 0.1 శాతం లోపుకి దిగడానికి 5 బ్లాకులు చాలు. 30 శాతం ఉంటే 24 కావాలి. బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషీ 2008 పేపర్లో ఉన్న లెక్కే ఇది. దీన్ని ఒప్పందం అనకండి, పందెం అనండి.

నోడ్‌రాజు:
సరే, పందెమే. ఓట్లతో ఒప్పందం కుదిర్చే పద్ధతి, మీరు మెచ్చుకునే పీబీఎఫ్‌టీ సంగతి చూద్దాం. 4 నోడ్‌లుంటే (నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు) 3 ఓట్లు, అంటే మూడింట రెండొంతులకి మించి, పడాలి. ఒకటి అబద్ధమాడినా నడుస్తుంది, రెండు పడిపోతే మొత్తం ఆగిపోతుంది. ప్రిపేర్, కమిట్ అనే రెండు ఓటింగ్ దశల్లో నోడ్‌లన్నీ ఒకదానికొకటి సందేశాలు పంపుకోవాలి. 100 నోడ్‌లకి ఒక్కో దశలో 9,900 దాకా అవుతాయి. పైగా ఓటర్ల జాబితా ముందే ఉండాలి. ఎవరు పడితే వాళ్లు వచ్చిపోయేచోట మూడింట రెండొంతులంటే ఎంతలో రెండొంతులండీ?

గొలుసుకట్టు:
నేనడిగింది 6 గురించి.

ఓర్ఫన్‌బ్లాక్:
20 కన్ఫర్మేషన్లు దాటిన బ్లాకులు కూడా పోయాయి. 2013 మార్చిలో బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ 0.8 వెర్షన్ తయారుచేసిన పెద్ద బ్లాకుని పాత వెర్షన్లు మింగలేకపోయాయి, అవి వాడే డేటాబేస్ బర్క్‌లీ డీబీ లాకుల పరిమితి అడ్డొచ్చింది. గొలుసు రెండుగా చీలింది. మైనింగ్ పూల్స్ (కలిసి బ్లాకులు తయారుచేసే గుంపులు) 0.7కి వెనక్కి మళ్లాకే అతుక్కుంది.

నోడ్‌రాజు:
అది సాఫ్ట్‌వేర్ బగ్. కన్సెన్సస్ (నోడ్‌ల మధ్య ఒప్పందం) మీద రుద్దకండి.

గొలుసుకట్టు:
ఏ బ్లాకు చెల్లుతుందో నోడ్‌లు తేల్చుకోలేకపోతే అది కన్సెన్సస్ తప్పు కాదా? మీకు నచ్చనిదల్లా బగ్గేనా?

నోడ్‌రాజు:
గొంతు పెంచకండి. సూటిగా చెప్పండి: నెట్‌వర్క్ చీలితే ఆగిపోవాలా, సాగాలా?

గొలుసుకట్టు:
ఆగాలి. తప్పుడు లెక్క రాసేకన్నా అసలు రాయకపోవడం నయం.

నోడ్‌రాజు:
సాగాలి. ఆగిన నెట్‌వర్క్‌ని మళ్లీ లేపే అధికారం ఎవరికిస్తారు? అసలు తగాదా ఇక్కడుంది, మీ 6 దగ్గర కాదు.

ఎపాక్32:
ఇంకో బ్లాక్‌చెయిన్ ఎథీరియం రెండూ చేస్తుందిగా. బ్లాకులు 12 సెకన్ల స్లాట్లలో వస్తూనే ఉంటాయి, మూడింట రెండొంతుల స్టేక్ (వాలిడేటర్లు అనే ఓటర్లు తాకట్టు పెట్టిన సొమ్ము) ఓటేస్తే దాదాపు 13 నిమిషాల్లో ఫైనల్, ఇక వెనక్కి పోదు. 4 ఎపాక్‌లు (ఒక్కోటి 32 స్లాట్లు) దాటినా ఫైనల్ కాకపోతే, ఓటెయ్యని వాలిడేటర్ల స్టేక్ కరగడం మొదలవుతుంది. ఉన్నవాళ్లకి రెండొంతులు దక్కేదాకా కరుగుతుంది.

గొలుసుకట్టు:
సరిగ్గా సగానికి చీలితే? ఇవతలివాళ్ల లెక్కలో అవతలి స్టేక్ కరుగుతుంది, అవతలివాళ్ల లెక్కలో ఇవతలిది. చివరికి రెండు ఫైనల్ గొలుసులు!

ఎపాక్32:
అందుకు వారాలు పడుతుంది. ఆలోపు మనుషులు కల్పించుకుంటారు.

గొలుసుకట్టు:
ఏ మనుషులు?