పూల్‌లో అంత ప్రతిభ ఉండీ వేరే వృత్తి ఎంచుకున్నవాళ్ళు: రికార్డుల్లో ఉన్నవాళ్ళ గురించి చెప్పండి

నీలిబల్ల అడిగారు:

పూల్ గురించి ఎక్కడ మాట మొదలైనా 1954లో విల్లీ మోస్కోనీ ఒక్కటీ తప్పకుండా వరసగా కొట్టిన 526 బంతుల రన్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతోంది. ఆయన గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. కానీ ఆ స్థాయికి దగ్గరగా ఆడుతూ కూడా జీవనాధారం వేరేచోట వెతుక్కున్నవాళ్ళు, ఆటని పూర్తిగా పక్కన పెట్టేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ పేర్లు మనవాళ్ళకి తెలియాలి. నేను అడుగుతున్నది ముఖ్యంగా స్ట్రెయిట్ పూల్ (14.1, అంటే పడిన ప్రతి బంతికీ ఒక పాయింటు వచ్చే ఆట) కాలం గురించి. "ఫలానా క్లబ్బులో ఒకాయన ఉండేవాడట" తరహా కథలు కాదు, టైటిల్, సంవత్సరం ఉన్నవాళ్ళే కావాలి.

ఇంకో సందేహం. ఏళ్ళ తరబడి ఆట వదిలి మళ్ళీ వచ్చి గెలిచినవాళ్ళు 14.1లోనే ఇంతమంది ఎందుకు కనిపిస్తారు? ఇందులో చేతిలోంచి జారిపోయేది ఏది, నిలిచేది ఏది?

---

పద్నాలుగు_ఒకటి:

మొదట జో బాల్సిస్ పేరు చెప్పాలి. పెన్సిల్వేనియాలో మైనర్స్‌విల్ ఆయన ఊరు. 11 ఏళ్ళ వయసులోనే ఆ కాలపు దిగ్గజాలతో ఎగ్జిబిషన్ ఆటలు ఆడిన పిల్లవాడు. పెద్దయ్యాక కుటుంబ మాంసం వ్యాపారంలోకి వెళ్ళిపోయాడు, మధ్యలో పోటీ పూల్‌కి చాలా ఏళ్ళు దూరం. 1964లో తిరిగొచ్చాడు. 1968, 1974 యూఎస్ ఓపెన్‌లు గెలిచాడు. ఆటగాళ్ళ మధ్య ఆయనకి "మీట్ మ్యాన్" అనే పేరే స్థిరపడిపోయింది.

రెండో పేరు అర్వింగ్ క్రేన్. న్యూయార్క్ రాష్ట్రంలోని లివోనియాలో పుట్టాడు, రోచెస్టర్ ప్రాంతంలో ఏళ్ళ తరబడి కాడిలాక్ కార్లు అమ్మాడు. ప్రపంచ టైటిళ్ళు ఆరు: 1942, 1946, 1955, 1968, 1970, 1972. మొదటిదానికీ చివరిదానికీ మధ్య 30 ఏళ్ళు! చివరిది గెలిచేనాటికి ఆయన 60కి దగ్గరపడుతున్నాడు.

ఈ ఇద్దరూ 1966లో షికాగోలో జరిగిన మొట్టమొదటి యూఎస్ ఓపెన్ ఫైనల్లో ఎదురెదురు నిలబడ్డారు. ఆట 150 పాయింట్లకి. క్రేన్ ఒక్క ఇన్నింగ్స్‌లో, అంటే బల్ల వదలకుండా, 150 పూర్తి చేశాడు. బాల్సిస్ కుర్చీలో కూర్చుని చూడటం తప్ప చేయగలిగింది లేదు. ఆ 150 విలువ తెలియాలంటే లెక్క చూడండి. బల్ల మీద 15 బంతులు, 14 కొట్టాక చివరిది అలాగే ఉంచి మిగతా 14 మళ్ళీ పేర్చుతారు. నిండు రాక్ (త్రికోణంగా పేర్చిన గుంపు) నుంచి మొదలుపెట్టి 150 చేరాలంటే ఆ మిగిలిన బంతిని కొట్టి కొత్త రాక్‌ని చెదరగొట్టే షాట్ పదిసార్లు పడాలి, పదిసార్లూ చెదిరాక కొట్టదగ్గ బంతి ఒకటి దొరకాలి. ఫైనల్లో, అదీ బాల్సిస్ మీద. నా దృష్టిలో 14.1 చరిత్రలో అధికారిక రన్‌లన్నిటికంటే దీని బరువు ఎక్కువ. పెద్ద రన్‌లు ఎక్కువగా ఎగ్జిబిషన్లలో వచ్చాయి, ఓడితే పోయేదేమీ లేని చోట.

వ్యాపారమే ఎందుకు గెలిచిందంటే డబ్బు. 1950ల మధ్య నుంచి అమెరికాలో పూల్ హాళ్ళు మూతపడుతూ వచ్చాయి. 1956 తర్వాత కొన్నేళ్ళు ప్రపంచ టైటిల్ పోటీ సక్రమంగా జరగనేలేదు, 1963లో న్యూయార్క్‌లో మళ్ళీ మొదలైంది. 1961లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా వల్ల జనానికి ఆట మీద ఆసక్తి తిరిగొచ్చిందన్నది అందరూ ఒప్పుకునేదే. బాల్సిస్ తిరిగొచ్చిన ఏడాది చూస్తే ఆ వరుస అర్థమవుతుంది. అంతకుముందు ఆటగాడికి ఉన్న దారులు మూడే: పరికరాల కంపెనీ తరఫున ఊరూరా ఎగ్జిబిషన్లు, సొంత హాలు, లేకపోతే పందేలు. కుటుంబం ఉన్నవాడు మాంసం కొట్టుని వదులుకోకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

---

ఎడిసన్_తెలుగు:

న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళ కోసం ఇది చెప్పాలి. ఎడిసన్ అంటే తెలుగువాళ్ళు ఇంతమంది ఉన్న ఊరు కదా, అక్కడి మిడిల్‌సెక్స్ కౌంటీ కాలేజీలో గణితం చెప్పిన టామ్ జెన్నింగ్స్ 1976, 1977 యూఎస్ ఓపెన్‌లు వరసగా గెలిచాడు. ప్రొఫెసర్‌గానే ఉండిపోయిన మనిషి. పూర్తికాలం ఆటగాడై ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం మన పని, ఆయన మాత్రం తరగతి గదినే ఎంచుకున్నాడు.

పక్క ఊరు పెర్త్ ఆంబాయ్ వాడు స్టీవ్ మిజెరాక్. స్కూల్లో చరిత్ర టీచరు. 1970 నుంచి 1973 దాకా వరసగా నాలుగు యూఎస్ ఓపెన్‌లు గెలిచాడు. అంటే 1970 నుంచి 1977 దాకా ఎనిమిది టైటిళ్ళలో ఆరు ఒకే కౌంటీలో పనిచేసే ఇద్దరు మాస్టార్ల ఇంటికే వెళ్ళాయి. మిగిలిన రెండూ బాల్సిస్ (1974), డాలస్ వెస్ట్ (1975).

---

రాక్_గీత:

మిజెరాక్‌ని ఈ జాబితాలో చేర్చడం నాకు సరికాదనిపిస్తోందండీ. 1978లో బీరు ప్రకటనతో ఆయన మొహం ఇంటింటికీ తెలిసింది, ఆ తర్వాత ఆటే ఆయన వృత్తి. నీలిబల్ల గారు అడిగింది వేరే పని ఎంచుకున్నవాళ్ళ గురించి.

దానికి ఆర్థర్ "బేబ్" క్రాన్‌ఫీల్డ్ సరిగ్గా సరిపోతాడు. జూనియర్ జాతీయ టైటిల్, అమెచ్యూర్ జాతీయ టైటిల్, ప్రొఫెషనల్ ప్రపంచ టైటిల్ మూడూ గెలిచింది ఆయనే. ప్రపంచ టైటిల్ 1964లో. 1939లో ప్రాక్టీసులో 768 కొట్టాడని ఆయన పేరు మీద చెబుతారు. అది ప్రాక్టీసు కాబట్టి రికార్డు పుస్తకానికి ఎక్కలేదు, ఆ తేడా గుర్తుంచుకుని చదవాలి. ఉద్యోగం సిరక్యూస్‌లో, మ్యూజాక్ సంస్థలో. దుకాణాల్లో, ఆఫీసుల్లో వెనక నుంచి వినిపించే సంగీతాన్ని సరఫరా చేసే కంపెనీ అది.

ఆడవాళ్ళని మర్చిపోతున్నారు అందరూ. రూత్ మెగిన్నిస్, పెన్సిల్వేనియాలోని హోన్స్‌డేల్. 1930లలో అమెరికా అంతా తిరిగి మగవాళ్ళతో ఎగ్జిబిషన్లు ఆడింది, హై రన్ 128. టీచరు చదువు చదివిన మనిషి, తర్వాతి జీవితం ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చదువు చెప్పడంలో గడిపింది. ఆమె కాలంలో ఆడవాళ్ళకి చెప్పుకోదగ్గ టోర్నమెంటు వ్యవస్థే లేదు. ఆట ఆమెని నిలబెట్టుకోలేకపోయిందనడమే న్యాయం.

జీన్ బాలుకాస్ కథ వేరు. బ్రూక్లిన్. 1969లో 9 ఏళ్ళకే ఆడవాళ్ళ యూఎస్ ఓపెన్‌లో ఆడింది, 1972 నుంచి 1978 దాకా వరసగా ఏడుసార్లు గెలిచింది. 1988లో ఒక క్రమశిక్షణ జరిమానా విషయంలో ఆటగాళ్ళ సంఘంతో తేడా వచ్చింది, 29 ఏళ్ళకే పోటీలు మానేసింది. బ్రూక్లిన్‌లోని కుటుంబ పూల్ హాలు చూసుకుంటూ ఉండిపోయింది. అంత బాగా ఆడుతున్న సమయంలో వదిలేసినవాళ్ళు నాకు తెలిసి మరొకరు లేరు.

---

ఎడిసన్_తెలుగు:

రాక్_గీత గారూ, ఆ నాలుగు టైటిళ్ళూ మిజెరాక్ స్కూల్లో పాఠాలు చెబుతున్న రోజుల్లోవి. తర్వాత ఏం చేశాడన్నది వాటిని మార్చదు. "ఉద్యోగం చేస్తూ ఆ స్థాయి అసాధ్యం" అనేవాళ్ళకి ఆయనే గట్టి జవాబు, అందుకే రాశాను.

---

నీలిబల్ల:

అందరికీ ధన్యవాదాలు. రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది: విరామం తర్వాత ఏది పోతుంది, ఏది ఉంటుంది? ఆఫీసు అయ్యాక గంట మాత్రమే దొరికేవాళ్ళు 14.1 ఎలా సాధన చేయాలి?

---

కీబాల్:

వివరంగా రాస్తాను, ఇక్కడే అసలు విషయం ఉంది.

14.1లో బాగా ఆడే మనిషి షాట్లు చూస్తే చాలావరకు రెండు మూడు అడుగుల లోపే ఉంటాయి, క్యూ బాల్ (కర్రతో కొట్టే తెల్ల బంతి) జానెడు కదిలి ఆగుతుంది. బలం, పొడవాటి కట్ షాట్లు నైన్ బాల్‌లో కావాల్సినంతగా ఇక్కడ అక్కర్లేదు. కావాల్సింది వరస తెలియడం. ఏ బంతి ముందు, ఏది ఆఖర్న అన్న ఆ తెలివి పదేళ్ళు క్యూ ముట్టకపోయినా పోదు. జిమ్మీ కారస్ చివరి ప్రపంచ టైటిల్ 1949లో గెలిచి, 18 ఏళ్ళ తర్వాత 1967లో సెయింట్ లూయిస్‌లో యూఎస్ ఓపెన్ గెలవడానికి కారణం అదే.

పోయేవి మూడు. మొదటిది వేగం అంచనా: ఇప్పటి వర్‌స్టెడ్ గుడ్డ మీద నూగు ఉండదు, బంతి పాత నూగు గుడ్డ మీదకంటే చాలా దూరం జారుతుంది, పాత చేయి అలవాటుగా కొడితే క్యూ బాల్ ప్రతిసారీ అరడుగు దాటిపోతుంది. రెండోది సేఫ్టీల (అవతలివాళ్ళకి షాట్ దొరక్కుండా ఆడేవి) తర్వాత దొరికే మొదటి దూరపు షాట్. మూడోది ఓపిక. 40, 50 దాటాక ఒక సులువైన బంతిని చూడకుండా కొట్టేస్తారు, రన్ అక్కడ పోతుంది. గంటే దొరికేవాళ్ళకి ముందు దెబ్బతినేది ఇదే.

ఇక గంట సాధన. ముందు బల్ల మీద రాక్ అంచు వెంట సన్నగా పెన్సిల్ గీత ఉందో లేదో చూడండి. అది లేకపోతే 14.1 ఆడలేం, ఎందుకంటే పదిహేనో బంతి గీత లోపల ఉందా బయట ఉందా అన్నదాన్నిబట్టి నియమం మారుతుంది. అది లోపల ఉండి క్యూ బాల్ బయట ఉంటే ఆ బంతిని హెడ్ స్పాట్ (రాక్‌కి ఎదురు చివర ఉండే గుర్తు) మీద పెడతారు. రెండూ లోపలే ఉంటే 15 మళ్ళీ పేర్చి, క్యూ బాల్ ఆ చివరే ఉండే హెడ్ గీత వెనక నుంచి ఆడాలి. క్లబ్బు బల్లయితే అడగకుండా గీయకండి.

మొదటి 15 నిమిషాలు బ్రేక్ షాట్ (మిగిలిన బంతిని, అంటే బ్రేక్ బాల్‌ని, కొట్టి కొత్త రాక్‌ని చెదరగొట్టేది) మాత్రమే. ముందు మూల ఖాళీగా ఉంచి 14 పేర్చండి. రాక్ పక్కన బంతి వెడల్పు నుంచి రెండు బంతుల వెడల్పు దూరంలో బ్రేక్ బాల్ పెట్టండి, క్యూ బాల్‌ని అడుగు, అడుగున్నర దూరంలో, బంతి సుమారు సగం తగిలేంత కోణంలో ఉంచండి. మరీ నిటారుగా ఉంటే క్యూ బాల్ రాక్ దాకా వెళ్ళదు. మరీ పలచగా కోస్తే బంతి పాకెట్ తప్పే ప్రమాదం పెరుగుతుంది. మెల్లగా కొడితే క్యూ బాల్ గుంపుకి అతుక్కుపోయి చుట్టూ ఏ షాటూ ఉండదు. మరీ గట్టిగా కొడితే బంతులు బల్ల పై భాగానికి పోయి తర్వాతి షాట్లన్నీ దూరపువే అవుతాయి. మధ్యస్థ వేగం. ప్రతిసారీ క్యూ బాల్ రాక్‌లో ఏ బంతికి తగిలింది, ఎటు పోయిందన్నది చూడండి.

తర్వాత 20 నిమిషాలు ఆఖరి మూడు బంతులు. బ్రేక్ బాల్, దానికి ముందుది (కీ బాల్), దానికీ ముందుది. మూడింటినీ రాక్ ప్రాంతంలో పెట్టి, కీ బాల్ కొట్టగానే క్యూ బాల్ కావాల్సిన చోట ఆగేలా ఆడండి. స్టాప్ షాట్‌తో (క్యూ బాల్ తగిలినచోటే ఆగిపోయే షాట్) అయిపోయే కీ బాల్‌ని మించింది లేదు. పక్క పాకెట్ దగ్గర ఒకటి దొరికితే వదులుకోకండి.

మిగిలిన సమయం బ్రేక్ షాట్ నుంచి రన్. వరస ఇలా ఉండాలి: పాకెట్లకి అడ్డం ఉన్నవి, కుషన్‌కి అతుక్కున్నవి ముందు తీసేయాలి. చిన్న గుంపులు బంతులు ఎక్కువగా ఉన్నప్పుడే విడగొట్టాలి, విడగొట్టేటప్పుడు పక్కన తప్పకుండా పడే బంతి ఒకటి ఉంచుకోవాలి. ఎక్కువమంది చేసే తప్పు, అందుబాటులో ఉంది కదా అని బ్రేక్ బాల్‌ని ఎనిమిదో షాట్‌కే కొట్టేయడం. ఏది బ్రేక్ బాల్, ఏది కీ బాల్ అన్నది కనీసం ఆరు బంతులు మిగిలి ఉండగానే నిర్ణయించుకోండి. రన్ ఆగినప్పుడు అంకెతో పాటు కారణం కూడా రాసుకోండి: మిస్ అయిందా, పొజిషన్ పోయిందా, గుంపులో ఇరుక్కుందా. కొన్ని వారాల పుస్తకం చూస్తే మీ గంటని దేనిమీద ఖర్చుపెట్టాలో తెలిసిపోతుంది.

---

రాక్_గీత:

కీబాల్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఎదురుగా మనిషి ఉంటే ఓపెనింగ్ బ్రేక్ కూడా సాధన చేయండి. చెప్పిన బంతి పాకెట్‌లో పడకపోతే క్యూ బాల్‌తో పాటు కనీసం రెండు బంతులు కుషన్‌ని తాకాలి, లేకపోతే 2 పాయింట్లు పోతాయి, అవతలివాళ్ళు మళ్ళీ బ్రేక్ చేయమని అడగొచ్చు కూడా. వెనక వరస మూల బంతిని పలచగా తాకించి క్యూ బాల్‌ని తిరిగి హెడ్ కుషన్ దగ్గరికి తెచ్చుకోవడం మామూలు పద్ధతి. నిండుగా తగిలితే గుంపు తెరుచుకుంటుంది, క్రేన్ లాంటి వాడి ముందు ఆ తెరుచుకున్న రాక్ ఒక్కటి చాలు.

---

పద్నాలుగు_ఒకటి:

బల్ల సైజు గురించి ఎవరైనా అడిగేలోపే చెప్తున్నా. ఇప్పటి పోటీ బల్ల 9 అడుగులు, ఆడే భాగం 100×50 అంగుళాలు. క్రేన్ తొలి టైటిళ్ళు 5×10 అడుగుల పెద్ద బల్లల మీదవి, మోస్కోనీ 526 వచ్చింది 4×8 మీద. మీ క్లబ్బులో 8 అడుగులదే ఉంటే దానిమీదే మొదలుపెట్టండి, 15 బంతులు, ఒక త్రికోణం చాలు, వేరే సామాను ఏమీ అక్కర్లేదు. 12 అడుగుల స్నూకర్ బల్ల మీద మాత్రం వద్దు. ఆ పాకెట్ల నోళ్ళు చిన్న స్నూకర్ బంతులకి కోసినవి, 57 మిల్లీమీటర్ల పూల్ బంతులు అందులో పడటం చాలా కష్టం.