డెకర్స్‌లో చేప పడగానే లైన్ తెగిపోతోంది, ఎవరైనా చెప్పండి

కొత్తగాలం:
పొద్దుటి నుంచి ఫ్లై ఫిషింగ్‌కి కొలరాడోలో సౌత్ ప్లాట్ నది మీదే ఉన్నాను, డెకర్స్ ఊరి దగ్గర. ట్రౌట్ పడుతోంది, రెండు సెకన్లలో టప్పున తెగిపోతోంది. ఫ్లై (పురుగులా కట్టిన గాలం) మార్చాను, ముడి మార్చాను, షాపుకెళ్లి కొత్త 6ఎక్స్ సన్న దారం కూడా తెచ్చాను. అదే కథ. వీడియోలో చూపించినట్టే కడుతున్నాను, లైన్ కూడా చవక సరుకేం కాదు. తల తిరిగిపోతోంది, చెప్పండి ప్లీజ్.

గట్టుమీద:
ఏది తెగింది? లైనా, లీడరా, టిప్పెట్టా?

కొత్తగాలం:
లైన్ అన్నాను కదా బ్రో. చివర్లో సన్నగా ఉండేది.

గట్టుమీద:
అది టిప్పెట్. దానికీ లైన్‌కీ మధ్య ఉండేది లీడర్. లైన్ అంటే రంగుతో లావుగా రీల్ నిండా ఉండేది. అది తెగిందంటే చేప కాదు, మొసలి. లైసెన్స్ ఉందా?

కొత్తగాలం:
ఉంది. విషయానికి రండి.

పాతబూట్లు:
అందరూ ముడుల గురించే మాట్లాడతారు, నీళ్ల వేడి చూశారా అండీ? థర్మామీటర్ లేకుండా ఎండాకాలం ట్రౌట్ నదిలో దిగడం తప్పు. 68 ఫారెన్‌హీట్ చేరితే ఆపేయాలి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, పోరాడి అలిసిన చేప వదిలేశాక కూడా చచ్చిపోతుంది. సన్నటి టిప్పెట్‌తో ఎక్కువసేపు ఆడించడం ఇంకా దారుణం. హుక్ ముల్లు ఫోర్సెప్స్‌తో నొక్కేయండి, చేయి తడుపుకోకుండా చేపను ముట్టుకోకండి, పొడి చేతికి దాని ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది.

గట్టుమీద:
చీస్‌మన్ డ్యామ్ అడుగు నుంచి వచ్చే నీళ్లవి, వేడెక్కడిది?

పాతబూట్లు:
డ్యామ్ కింద చల్లగానే ఉంటాయి. ఫ్లో తగ్గిన ఆగస్టు మధ్యాహ్నం కిందికి వెళ్లేకొద్దీ కొలిచి చూడండి, తర్వాత మాట్లాడదాం.

నీలిరాయి:
కొత్తగాలం, తెగిన కొసను వెలుతురులో పెట్టి చూడు. పంది తోకలా మెలికలు తిరిగి ఉంటే ముడి జారింది. మెలికల్లేకుండా తిన్నగా ఉంటే తెగింది. ఒకచోట గరుకుగా, తెల్లగా పాలిపోయి ఉంటే రాయికి రాసుకుంది. ఇంకోటి, ఫ్లై ఒక్కటే పోతోందా, టిప్పెట్ మొత్తం పోతోందా? లీడర్ ఏది, ఇప్పుడు ఎంత పొడవుంది?

కొత్తగాలం:
మొత్తం పోతోంది, రెండు నింఫ్‌లూ (నీళ్లలో మునిగే ఫ్లైలు), ఇండికేటర్ (పైన తేలే బెండు) కింద ఉన్నదంతా. కొస తిన్నగానే ఉంది. లీడర్ 9 అడుగుల 5ఎక్స్, సీజన్ మొదట్లో కొన్నది. ఇప్పుడే కొలిచాను, 7 అడుగులుంది. అదేమన్నా లెక్కా?

నీలిరాయి:
అదే లెక్క. టేపర్ లీడర్‌లో ప్యాకెట్ మీద రాసిన 5ఎక్స్ చివరి రెండడుగులకే, పైకి వెళ్లేకొద్దీ లావు. ఫ్లై మార్చిన ప్రతిసారీ కత్తిరించుకుంటూ పోయావు, ఆ రెండడుగులూ అయిపోయాయి. ఇప్పుడు కొస దగ్గర చాలా లావుది, 1ఎక్స్ దాకా కూడా మిగిలి ఉండొచ్చు. 11లోంచి ఎక్స్ అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది. 1ఎక్స్ అంటే 0.010, 6ఎక్స్ అంటే 0.005. సగానికి సగం తేడా. లావుది బిగుసుకుని వంగదు, సన్నది దాన్ని కోసినట్టు పట్టుకుని ముడి దగ్గరే తెగుతుంది. రెండు, మహా అయితే మూడు ఎక్స్‌ల తేడాకి మించి నేరుగా కట్టకూడదు.

కొత్త లీడర్ వేస్తే సరి. లేదంటే 3ఎక్స్ 12 అంగుళాలు కట్టు, దానికి 5ఎక్స్ 20 అంగుళాలు, అక్కడ మొదటి నింఫ్. దాని హుక్ వంపుకి 6ఎక్స్ 16 అంగుళాలు, చివర చిన్న ఫ్లై. కలిపేచోట ట్రిపుల్ సర్జన్: రెండు కొసలు ఆరంగుళాలు పక్కపక్కన పెట్టి, చుట్టు వేసి, రెండింటినీ కలిపి మూడుసార్లు దూర్చు, ఉమ్మితో తడిపి నాలుగు కొసలూ ఒకేసారి నెమ్మదిగా లాగు. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి అక్కడే బలం పోతుంది. కట్టాక చేత్తో గట్టిగా లాగి చూడాల్సిందే, తెగితే చేతిలోనే తెగాలి.

పిడికిలి:
ఇంత తతంగం ఎందుకు, 4ఎక్స్ వేసేయ్, బలం ఎక్కువ.

నీలిరాయి:
డెకర్స్‌లో 20, 22 సైజు మిడ్జ్‌లు, అంటే దోమంత చిన్న ఫ్లైలు. ఆ హుక్ కన్నంలో 4ఎక్స్ దూర్చడమే గగనం, దూరినా ఫ్లై బిర్రబిగుసుకుని కదలదు. తేట నీళ్లలో కనపడుతుంది కూడా. ఫ్లై సైజును మూడుతో భాగిస్తే ఎంత ఎక్స్ కావాలో సుమారుగా వస్తుంది.

పిడికిలి:
ఎక్స్ అంటే బలమే కదా, ఎన్ని పౌన్లు ఆగుతుందో రాసి ఉంటుంది.

గట్టుమీద:
ఎక్స్ మందం. పౌన్లు కంపెనీకో రకం.

పిడికిలి:
మందం ఎక్కువైతే బలం ఎక్కువే కదా మరి, నేనన్నదీ అదే.

గట్టుమీద:
ఒకే కంపెనీ ఒకే రకం అయితే.

నీలిరాయి:
డ్రాగ్ (రీల్ బ్రేకు) కూడా వదులు చెయ్యి. చేప దిగువకి పరిగెత్తినప్పుడు రాడ్ నిలువుగా ఎత్తి ఆపాలని చూస్తే కొత్త ముడైనా ఆగదు. పక్కకి వంచి, పోనిచ్చి, నువ్వే దాని వెంట దిగువకి నడువు.

కొత్తగాలం:
3ఎక్స్ మధ్యలో వేసి కట్టాను, చేత్తో లాగితే ఆగింది. థ్యాంక్స్. ఈలోపు వాన పడి నీళ్లు టీ రంగులోకి వచ్చేశాయి.

పాతబూట్లు:
హార్స్ క్రీక్ వాగు బురద అది. 2002 హేమన్ కార్చిచ్చులో కాలిన కొండల ఇసుకంతా వానకి అందులోంచే దిగుతుంది. క్రీక్ కలిసే చోటుకి ఎగువన చూడండి, అక్కడ తేటగా ఉండొచ్చు. థర్మామీటర్ మర్చిపోకండి.

పిడికిలి:
ఆ మధ్యలో వేసే 3ఎక్స్ నైలానే ఉండాలా, ఫ్లోరోకార్బన్ దారమైనా పర్లేదా?