పాత బౌలింగ్ బంతికి రంధ్రాల కొలతలు ఎక్కడ దొరుకుతాయి?

కరకంబాడి రోడ్డు (తిరుపతి):

నమస్కారం. క్రికెట్ వాళ్లు క్షమించాలి, ఇది వేరే బంతి. చెక్క లేన్ మీద దొర్లించి పది పిన్నులు పడగొట్టే ఏడు కిలోల బంతి.

మా మామయ్య చాలాకాలం డెట్రాయిట్‌లో ఉద్యోగం చేసి, ఇప్పుడు తిరుచానూరు దగ్గర ఇల్లు కట్టుకున్నారు. సామాను సర్దుతూ ఒక తోలుసంచి నా చేతికిచ్చి, "నీ షాపులో డ్రిల్లింగ్ మెషీన్ ఉంది కదా, దీన్ని నీ చేతికి సరిచేసుకోరా" అన్నారు. నాది మోటార్లు రివైండింగ్ చేసే షాపు. మెషీన్ ఉన్న మాట నిజమే. కానీ కొలతలు లేకుండా బిట్టు దించడం నా పద్ధతి కాదు.

బంతి నల్లనిది. బ్రన్స్‌విక్ వారి బ్లాక్ బ్యూటీ అని ముద్ర ఉంది, పక్కన వరుస సంఖ్య, దాని కింద మామయ్య పేరు. తూకం 7.2 కిలోలు. బొటనవేలి రంధ్రం వ్యాసం 26 మి.మీ., మిగతా రెండూ 23. బొటనవేలి రంధ్రం అంచు నుంచి వేళ్ల రంధ్రాల అంచుకు 95 మి.మీ. వేళ్ల రంధ్రాల మధ్య 7 మి.మీ. గోడ మిగిలింది. ఇవి కాక పక్కన ఒంటరిగా నాలుగో రంధ్రం ఒకటి ఉంది. అందులో ఏ వేలూ పెట్టలేం. అదెందుకని అడిగితే మామయ్య నవ్వి ఊరుకున్నారు.

ప్రతి మోటారుకూ ఒక ప్లేటు ఉంటుంది. వోల్టులు, ఆంపియర్లు, వేగం అన్నీ దాని మీదే ఉంటాయి. ఈ బంతికీ కంపెనీ వాళ్ల డ్రిల్లింగ్ పత్రం ఎక్కడో ఉండాలి. వరుస సంఖ్యతో అది దొరుకుతుందా?

ఎడంచేతి వాటం (చెన్నై):

దొరకదండీ. దొరికినా మీకు పనికిరాదు. కంపెనీ నుంచి బంతి రంధ్రాలు లేకుండానే వస్తుంది. కొన్నవారి చెయ్యి కొలిచి దుకాణంలో వేస్తారు. ఆ కొలతల చీటీ ఆ దుకాణం పెట్టెలో ఉండి, దుకాణంతో పాటే పోయి ఉంటుంది. మీకు కావలసినదంతా బంతి మీదే ఉంది, సగం మీరే కొలిచేశారు.

95 మి.మీ. అంటే దాదాపు మూడుముప్పావు అంగుళాలు. ఇది కన్వెన్షనల్ పట్టు, అంటే మధ్యవేలు, ఉంగరపు వేలు రెండో కణుపు దాకా లోపలికి పోతాయి. ఇప్పుడు పోటీలు ఆడేవాళ్లు మొదటి కణుపు దాకానే పెడతారు, వాళ్లకు ఆ దూరం చాలా ఎక్కువ ఉంటుంది. మీ తూకం కూడా సరిపోయింది. 16 పౌండ్ల బంతి 7.26 కిలోలు, రంధ్రాల్లో కొంత పోతుంది. నిబంధనల ప్రకారం 16 పౌండ్లే గరిష్ఠం.

నాలుగోది తూకం సరిచేసే రంధ్రం. చాలా పాత బంతుల్లో ముద్ర కిందుగా ఒక బరువు దిమ్మ ఉంటుంది. వేళ్ల రంధ్రాలు వేశాక బంతి ఒక పక్కకు బరువెక్కితే అదనంగా ఒకటి తొలిచి సరిచేసేవారు. ఒకప్పుడు అమెరికా నిబంధనల్లో పక్కలకు ఒక ఔన్సు, ముద్ర వైపు మూడు ఔన్సుల తేడా దాకా అనుమతి. 2020 ఆగస్టు 1 నుంచి వాళ్ల పోటీల్లో ఇలాంటి రంధ్రాన్నే నిషేధించారు. మీరు స్నేహితులతో సరదాగా ఆడుకునేదైతే దాని జోలికి పోవద్దు.

మిగిలింది వంపు. దాన్నే పిచ్ అంటాం. రంధ్రం తిన్నగా బంతి కేంద్రం వైపు పోతే వంపు సున్నా. రంధ్రంలో బిగుతుగా పట్టే కడ్డీ నిలబెట్టి, అది ఉపరితలానికి లంబంగా ఉందో, ఎటు వాలిందో చూసి చెప్పండి. బంతి వ్యాసార్ధం సుమారు 109 మి.మీ., కాబట్టి ఒక డిగ్రీ వాలితే కేంద్రం నుంచి దాదాపు 1.9 మి.మీ. తప్పుకున్నట్టు.

సిరా మరక (రాజమహేంద్రవరం):

బౌలింగ్ నాకు రాదు, పెన్నులు తెలుసు. మీరు చెప్పే బంతి గట్టి రబ్బరుదై ఉండవచ్చు. మా ఊళ్లో పెన్నులు తిప్పే ఎబొనైట్ కూడా అదే రకం, గంధకం కలిపి ఉడికించిన రబ్బరు. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. గంధకం వాసన వస్తే రబ్బరే. నల్లదనం పోయి గోధుమ రంగు తిరిగితే ఎండ తగిలిందని అర్థం. తిరుపతి ఎండలో డాబా మీద పెట్టకండి. బిట్టు దించితే నెమ్మదిగా తిప్పండి, వేడెక్కితే ఘాటైన వాసన కొడుతుంది, పొడి పీల్చవద్దు.

గ్రానైట్ బాబు (చిత్తూరు):

అన్నా, ఇక్కడికి తీసుకురా. డైమండ్ కోర్ బిట్టుతో రాతికే రంధ్రం వేస్తాం, రబ్బరు ఎంత!

ఎడంచేతి వాటం:

బాబుగారూ, ఆ బిట్టు చేత్తో పట్టుకున్న బంతి మీద జారిందంటే పోయేది వేళ్లు. బంతి కదలకుండా పట్టే తొట్టి లేకుండా ఎవరూ మొదలుపెట్టవద్దు.

కరకంబాడి రోడ్డు:

రుద్దాను. గంధకం వాసనే. ఇంట్లో వాళ్లు ముక్కు మూసుకున్నారు. సిరా మరక గారికి నమస్కారం.

వేళ్ల రంధ్రాల్లో కడ్డీ దాదాపు లంబంగా నిలిచింది. బొటనవేలి రంధ్రంలో మాత్రం వేళ్లకు అవతలి వైపుకు సుమారు 5 డిగ్రీలు వాలింది. చేయి జారి అలా పడిందా, కావాలనే వేశారా? నా షాపులో కుర్రవాడు ఇలా వేస్తే నేను ఊరుకోను.

ఎడంచేతి వాటం:

కావాలనే. కడ్డీ అవతలికి వాలిందంటే రంధ్రం అడుగు అరచేతి కిందికి వస్తోంది. 5 డిగ్రీలు అంటే 9.5 మి.మీ., అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు. కన్వెన్షనల్ పట్టులో బొటనవేలికి ఆ ముందు వంపు మామూలే, బంతి వేలికి అంటిపెట్టుకుంటుంది.

బిట్టు తీసే ముందు ఒక పరీక్ష చేయండి. బొటనవేలు పూర్తిగా లోపల పెట్టి, మిగతా వేళ్లను రంధ్రాల మీదుగా చాచండి. రెండో కణుపు గీత రంధ్రం దగ్గరి అంచును దాటి ఆరేడు మిల్లీమీటర్లు పోవాలి. తర్వాత వేళ్లు లోపల పెట్టి పట్టుకుంటే అరచేతికీ బంతికీ మధ్య ఒక పెన్సిల్ దూరాలి. ఈ రెండూ కుదిరితే దూరం మార్చనక్కర్లేదు. కుదరకపోతే పాత రంధ్రాల లోపలి గోడలు గరుకు చేసి, పాలిస్టర్ రెసిన్ పోసి, గట్టిపడ్డాక ఉపరితలానికి సమంగా అరగదీసి, కొత్తవి తొలవాలి. అది చెన్నైలోనో బెంగళూరులోనో ఈ పని తెలిసినవారితో చేయించండి.

ఇంకొక మాట. రబ్బరు బంతి ఇప్పటి నూనె పూసిన లేన్ మీద పెద్దగా మలుపు తిరగదు. 1980ల మొదట్లో యురేథేన్, 1990ల మొదట్లో రియాక్టివ్ రెసిన్ అనే ప్లాస్టిక్ రకాలతో చేసిన బంతులు వచ్చాక ఆట మారిపోయింది. మీ బంతి తిన్నగా పోతుంది, మిగిలిన ఒక్క పిన్నును కొట్టడానికి అదే మేలు.

కరకంబాడి రోడ్డు:

గీత ఆరు దాటింది. పెన్సిల్ కూడా దూరింది. మామయ్య చెయ్యి, నా చెయ్యి ఒకే అచ్చు అని అమ్మ ఎప్పుడూ అంటుంది, వెర్నియర్ కూడా అదే చెప్పింది. బొటనవేలు ఒక్కటే వదులు. నాది 24 మి.మీ., రంధ్రం 26. డ్రిల్లింగ్ మెషీన్‌కు పని లేకుండా చేశారు. ఆ రెండు మిల్లీమీటర్లకు ఏమి చేయాలి?

ఎడంచేతి వాటం:

బౌలింగ్ టేపు అని బొటనవేలి రంధ్రంలో అంటించే ముక్కలు ఉంటాయి. బొటనవేలి వెనుక భాగం, అంటే గోరు ఆనే వైపు, ఒకదాని మీద ఒకటి అంటించండి. ఒక్కొక్కటి వేసి చూడండి, వేలు జారకూడదు, లాగితే పట్టేయకూడదు. రోజులో వేలు ఉబ్బుతుంది, తగ్గుతుంది కాబట్టి రెండు మూడు ముక్కలు సంచిలో అదనంగా ఉంచుకోండి. లేన్‌కు వెళ్లే ముందు ఫోన్ చేసి సొంత బంతి అనుమతిస్తారో అడగండి, కొన్నిచోట్ల ఒప్పుకోరు.