బయాస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది, బోర్డు లేవడం లేదు

విజయవాడలో ఉంటాను. ఆదివారం సాయంత్రం నా కంప్యూటర్ మదర్‌బోర్డు బయాస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) అప్‌డేట్ 60 శాతం దగ్గర ఉండగా కరెంటు పోయింది, యూపీఎస్ కూడా ఆదుకోలేదు. ఇప్పుడు పవర్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు, కీబోర్డు లైటూ వెలగదు.

సీమాస్ బ్యాటరీ (బోర్డు మీది బిళ్ల బ్యాటరీ) తీసి రాత్రంతా ఉంచాను, ఒకే ర్యామ్‌తో చూశాను. పెన్‌డ్రైవ్ నుంచి బయాస్ తిరిగి ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ బోర్డుకు లేదు. షాపులో కొత్తది కొనమన్నారు. ప్రాసెసర్ బాగానే ఉంది, బోర్డు పారేయడానికి మనసొప్పడం లేదు.

చివరికి చిప్‌లోకి నేరుగా రాసే సీహెచ్341ఏ ప్రోగ్రామర్, దాన్ని చిప్‌కు తగిలించే క్లిప్ తెప్పించాను. బయాస్ ఉండే చిప్ విన్‌బాండ్ 25క్యూ128, 3.3 వోల్టులది. సప్లై కేబుళ్లు, బ్యాటరీ తీసేశాకే క్లిప్ పెడుతున్నాను, ఒకటో పిన్ను కూడా సరిగ్గానే ఉంది. అయినా చిప్ ఐడీ ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ అనే వస్తోంది, అంటే ప్రోగ్రామర్ చిప్‌ను గుర్తించడం లేదు.

చిప్ బోర్డు మీద ఉండగానే బయాస్ రాసే మార్గం ఉందా, లేక హాట్ ఎయిర్‌తో (వేడి గాలితో టంకం కరిగించి) ఊడదీయాల్సిందేనా?